మగ్గం గుంతలో కారు

నా మగ్గాన్ని విప్పింది ఒక మంగళవారం. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టొద్దని మా అత్త అన్నది. విప్పడం మొదలుపెట్టడం కిందికి రాదని ఆమె కొడుకు అన్నాడు. ఆమె కొడుకంటే నా మొగుడు. ఆమె నాకు మేనత్త కాబట్టి ఆయన పెళ్లికి ముందు నుంచీ నాకు బావే. తల్లీకొడుకులు వాదించుకుంటూ ఉండగానే మగ్గం కర్రలన్నీ కట్టలై అటక మీదికి చేరిపోయాయి.

"రెండే రెండు నెలలు మే. కారు బయటికి పోయిందంటే నీ గుంత నీకే, నీ మగ్గం నీకే. నేనే దించి ఇస్తా" అన్నాడు బావ.

రెండు నెలలన్నది పద్నాలుగు నెలలయింది. ఇప్పుడు తలుచుకున్నా కోపం కంటే ముందు నాకు తుంటి నొప్పే గుర్తుకొస్తుంది.

మాది తిరుత్తణిలో నేతగాళ్ల వీధి. అప్పటికి తిరుత్తణి ఆంధ్రాలో ఉండేది, తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రంలో. బావ పొద్దున్నే రైలెక్కి తిరువళ్లూరు పోయి, అక్కడొక రైసు మిల్లు యజమానికి కారు నడిపి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవాడు. "దినామూ పరదేశం పోయి వస్తాండా" అని నవ్వేవాడు, ప్రతిసారీ ఆ మాట అప్పుడే తోచినట్టు. నేతగాళ్ల ఇంట్లో పుట్టీ నేత పట్టని మనిషి. పోగుల మధ్య అటూ ఇటూ తోలే నాడె పట్టుకుంటే నిద్రొస్తుందనేవాడు. నేను అందుకు తలకిందులు. మా ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుడతారు, నూలుకు గంజి పెడతారు, మగ్గంలో మాత్రం మగవాళ్లే కూర్చుంటారు. మా నాయనకు మగపిల్లలు లేరు. నన్ను పన్నెండో ఏట మగ్గంలో కూర్చోబెట్టాడు. వీధిలో వాళ్లు నవ్వారు. నేను నేసిన చీర అంచు చూశాక నవ్వడం మానేశారు.

పెళ్లయిన ఏడాదికి నాయన ఆ మగ్గాన్నే తెచ్చి మా ఇంటి పక్కసాలలో దింపి, నా కాళ్ల కొలతకు గుంత తవ్వించి పోయాడు. గుంత మగ్గమంటే తెలియని వాళ్లకు చెప్తాను. మగ్గం నేలమట్టాన ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దింపి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతుంటే పైన పోగులు తెరుచుకుంటాయి. నడుము దాకా భూమిలో, నడుము పైన పనిలో. కూలికి నేయించుకునే అత్తిమంజేరిపేట మేస్త్రీ నూలు పంపేటప్పుడు మూట మీద నా పేరు రాయించేవాడు, మొగుడి పేరు కాదు. లోకంలో నాదంటూ ఉన్నది ఆ గుంత ఒక్కటే. అది మాత్రం ఎవరికీ ఇవ్వకూడదని నాకు ఆ మంగళవారమే తెలిసుండాల్సింది.

ఇక కారు సంగతి. మిల్లు యజమాని కొత్త కారు కొన్నాక, పాతది పశువుల కొట్టంలో పడి ఉండేది. నాలుగు తలుపుల ఇంగ్లీషు కారు. లోపల తోలు సీట్లు, కిటికీలకు తెరలు, పెళ్లికూతురి పల్లకీలాగా ఉండేది. కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. ఒకసారి యజమాని కొడుకును చోళవరం తీసుకుపోయాడు బావ. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన సిమెంటు బాట అక్కడ ఉంది. కార్ల సంఘం వాళ్లు దాని మీద పందేలు పెడతారు. దొరల మాదిరి మనుషులు, దొరల మాదిరి కార్లు. వాటి మధ్యలో ఎవడో టాపు కోసేసిన ఒక ముసలి కారును తెచ్చి, కొత్త కార్లతో సమానంగా తోలాడట. బావ తాడు పట్టుకుని డ్రైవర్ల గుంపులో నిలబడి అది చూశాడు. ఆ చూడడమే చూడడం. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని పళ్లెం చుట్టూ వేలితో రౌండ్లు కొడుతున్నాడు.

పశువుల కొట్టంలోని కారును అడిగితే యజమాని "ఎడుత్తుక్కో పో" అన్నాడు. తీసుకుపో అన్నాడని బావ ఎగురుకుంటూ వచ్చాడు. దాన్ని ఎద్దులతో లాగించి మా వీధికి తెచ్చారు. పడుగు మోసుకురావడానికి వీలుగా మా సాలకు వెడల్పాటి వాకిలి ఉండేది. దానికి ఇంకో జానెడు గోడ పగలగొడితే కారు పట్టింది. అడుగున పని చేయాలంటే గుంత కావాలి. గుంత ఉన్నదే మా ఇంట్లో. కొంచెం పొడుగూ లోతూ చేస్తే చాలు. నా కాళ్లు ఆడిన చోట బావ నిలబడి, నెత్తి మీద కారు పొట్ట పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

"బరువే మనకు శత్రువు మే" అనేవాడు. శత్రువంతా నా వంటింటికి వచ్చింది. వెనక సీటు మా అత్తకు మంచమైంది, ఆమె దాని మీద కూర్చుని యజమానురాలిలాగా కాలు మీద కాలేసుకునేది. ఒక తలుపు కోళ్లగూటికి, ఇంకొకటి నీళ్ల తొట్టి దగ్గర మరుగుకు. టాపు రంపంతో కోశాడు. ముందు అద్దం పోయింది, దీపాలు పోయాయి, మడ్‌గార్డులు పోయాయి. కారు తేలికైన కొద్దీ ఇల్లు బరువెక్కింది. మా అత్త చేతులకు పని పోయింది. నాకు కండెలు చుట్టిపెట్టడమే ఆమె పని. చుట్టడానికి ఏమీ లేక, ఆమె వేళ్లు ఒడిలో వాటికవే తిరుగుతూ ఉండేవి. ఆ వేళ్లను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మేస్త్రీ రెండు నెలలు ఆగాడు. ఆ పైన నూలు వేరే ఇంటికి పంపాడు. ఆయన తప్పేమీ లేదు. నేను పక్కవీధిలో ఒకరింట్లో కూలిమగ్గం నేయడానికి పోయాను. ఒకరి మగ్గం ఇంకొకరి కాళ్లకు కుదరదు. ఆ ఇంటాయన పొడుగుమనిషి, ఆయన గుంతలో చెక్కలు నాకు అందేవి కావు. అంచుకు జారి కూర్చుని, వేళ్ల కొసలతో తొక్కి, సాయంత్రానికి తుంటి పట్టేసి ఇంటికొస్తే, సాలలో నుంచి కేక. "మే, అర అంగుళం స్పానర్ అందీ!" నేత నేర్చిన చేతికి కొలతలు తొందరగా వస్తాయి. నెల తిరిగేసరికి చూడకుండానే ఏ స్పానర్ ఏదో తీసి ఇచ్చేదాన్ని. అది నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. కాళ్లు కడుక్కోనివ్వరాదా అనిపించేది.

ఆదివారాలు పట్టాభిరామ్ నుంచి ఒక టర్నర్ వచ్చేవాడు. లేత్ మీద పని చేసే మనిషి, బావకు పాత స్నేహితుడు, నోటి దురుసు. ఇంజన్ పైమూతను సన్నంగా గీకించి తెచ్చింది ఆయనే. దానివల్ల ఇంజన్‌కు బలం పెరుగుతుందట. ఆయన గీకించడం, బావ బిగించడం, రెండు రోజులకు ఏదో ఒకటి చిట్లడం, మళ్లీ విప్పడం. పద్నాలుగు నెలల్లో నేను విన్నది ఆ ఒక్క పాటే.

ఒకనాడు బావ ఇనుప చట్రం ఒకటి చేసి, తేలికపాటి సీటు కోసం నన్ను అడిగాడు.

"మే, దీనికి నవారు కావాల. నువ్వు నేసినంత గట్టిది బజార్లో దొరకదు."

"మగ్గం యాడుండాది బావా, నేసేదానికి?"

ఆయన అటక వైపు చూశాడు, గుంత వైపు చూశాడు. కారు సీటు మీద నుంచి మా అత్త అందుకున్నది. "కూర్చున్న కొమ్మ నరుక్కోని, ఇంగ నీడ యాడా అని అడిగినట్టుండాది రా నాయనా."

నవారు నేను ఆ పరాయి మగ్గం మీదే నేసి తెచ్చాను. ఎందుకు తెచ్చావని అడిగితే చెప్పలేను. కోపంతో బిగించి కొట్టినందుకో ఏమో, అంత గట్టి నవారు మళ్లీ ఎప్పుడూ నేయలేదు.

దసరా వచ్చింది. దసరా పోయిన వారానికి, వానలు దిగేలోపు, చోళవరంలో కొత్త బండ్లకు ట్రయల్ పెడతారని, అందులో నెగ్గిన బండ్లనే పందేనికి రానిస్తారని టర్నర్ కబురు తెచ్చాడు. ఇంజన్ సిద్ధం. మిగిలింది బ్రేకులే. నాలుగు చక్రాలకూ ఎనిమిది బ్రేక్ షూలు, వాటికి కొత్త లైనింగులు టర్నర్ రివెట్లు కొట్టి ఇచ్చి పోయాడు. ఆయుధ పూజ ముందురోజు కాబట్టి వాటిని బిగించకుండా, పూజలో పెట్టడానికని గోనెసంచి మీద వరసగా పేర్చాడు బావ. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదు గదా.

పూజ రోజు డ్రైవర్లందరూ యజమానుల కార్లకు పూజ చేయాలి. బావ తెల్లారే తిరువళ్లూరు పోయాడు. ఇంట్లో పూజకు సర్దడం నా పని. ప్రతి ఏడాదీ నా మగ్గం సామాను పూజలో పెట్టేదాన్ని. ఆ ఏడాది నావని చెప్పుకోవడానికి ఒక నాడె, నేతను దగ్గరికి కొట్టే ఒక పన్నె. మిగతావన్నీ ఆయన ఇనుము. మా ఇళ్లలో పూజకు ముందు సామానంతా తుడిచి నువ్వుల నూనె రాస్తాం. నూనె తాగిన కర్ర ఏడాదంతా పగలదు. ఆ పైనే గంధమూ కుంకుమా. నేను నాడెకు రాశాను, స్పానర్లకు రాశాను, సుత్తికి రాశాను. బ్రేక్ షూల దగ్గరికొచ్చాను. వాటి మీది లైనింగు ఎండిన తోలులాగా పొడిబారి ఉంది. రాసిన నూనె రాసినట్టే తాగేసింది. పాపం ఎంత దాహమో అనుకుని ఇంకోసారి రాశాను. ఎనిమిదింటికీ రాశాను. నా మొగుడి వస్తువును నా వస్తువులాగా చూసుకున్నది ఆ పద్నాలుగు నెలల్లో ఆ పూటే. ఏ పూటకు ఏ బుద్ధి పుడుతుందో.

సాయంత్రం బావ వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. బొరుగులూ శనగలూ పంచాం. మర్నాడు స్నానం చేసి షూలను కళ్లకద్దుకుని, కుంకుమ పొడిగుడ్డతో తుడిచి బిగించాడు. లైనింగు నల్లబడింది గంధం తడికేనని అనుకున్నాడో ఏమో. వీధిలో నెమ్మదిగా తోలి చూస్తే బండి చక్కగానే ఆగింది. పిల్లల్ని తరిమి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, గుమ్మడికాయ కొట్టారు.

మిల్లు లారీ బియ్యం మూటలతో రెడ్‌హిల్స్ పోతుంటే, వెనక కొన్ని మూటలు తగ్గించి కారును ఎక్కించారు. అక్కడి నుంచి చోళవరం పక్కనే. నన్నూ రమ్మన్నాడు బావ. కూలిమగ్గం మానుకుని నేనెందుకు అన్నాను. "నవారు నీది గదా" అన్నాడు. పోయాను.

ఆ మైదానంలో నీడ లేదు. సిమెంటు బాట ఎండకు తెల్లగా మండుతూ ఉంది. టోపీలు పెట్టుకున్న మనుషులు, మడత కుర్చీలు, నిగనిగలాడే కార్లు. మా దాన్ని చూసి నవ్వుతారనే అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. తెల్లచొక్కా ఆయన ఒకరు వచ్చి, వంగి ఇంజన్ చూసి, ఎవరు చేశారని అడిగాడు. బావ తనే అన్నాడు. ఆయన ఇంకో ఇద్దర్ని పిలిచాడు. వాళ్లు అడుగుతున్నారు, బావ అరవంలోనూ తనకొచ్చిన ఇంగ్లీషులోనూ చెప్తున్నాడు, వాళ్లు తలలూపుతున్నారు. మా ఇంట్లో గానీ మిల్లులో గానీ ఆయన్ని ఎవరూ అలా అడిగింది లేదు. నేనూ అడగలేదు. ఇంత మనిషా అని మొదటిసారి ఆ రోజే చూశాను.

ఊరికే నాలుగు రౌండ్లు తోలుకోనిచ్చారు. నా నవారు సీటులో కూర్చుని, నోట్లోకి గాలి పోతుంటే పళ్లు బయటపెట్టి, ఆయన మా ముందు నుంచి పోయాడు. నేను చూస్తుండగానే మలుపు తిరిగిపోయాడు. టర్నర్ నా పక్కన ఎగురుతున్నాడు. నాకు ఎగరాలనిపించలేదు గానీ, కళ్లు మాత్రం ఆ కారు వెంటే పోయాయి.

ఆ తర్వాత బ్రేకు పరీక్ష. వేగంగా వచ్చి, సున్నంతో గీసిన గీత దగ్గర బండి ఆపాలి. మొదటిసారి గీత దాటి చాలా దూరం పోయింది. ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి బండి ఒక పక్కకు లాగి, గిర్రున తిరిగి, బాట దిగి ముళ్లకంపలో నిలబడింది. ఆయనకేమీ కాలేదు. పరీక్ష పెట్టే మనిషి తల అడ్డంగా ఊపి, "బ్రేక్ సరియిల్లప్పా. ఇంద వండియ విడ ముడియాదు" అన్నాడు. బండిని పందెంలోకి వదలడం కుదరదని.

నిజం చెప్తాను. ఆ మాట వినగానే నాలో మొదట లేచింది బాధ కాదు. అయిపోయింది, ఇక నా మగ్గం దిగుతుంది, అనుకున్నాను. గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఎన్నో నెలల తర్వాత నా తుంటి నొప్పి ఒక్క క్షణం మాయమైంది.

టర్నర్ చక్రం ఊడదీసి డ్రమ్ము తెరిచాడు. వేడికి లైనింగులో నుంచి నూనె చెమటలా కారుతూ ఉంది. మాడిన నువ్వుల నూనె వాసన, దోసెల పెనం దగ్గర వచ్చే వాసన. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఎవుడబ్బా ఇది? లైనింగుకు నూని పూసినోడు ఎవుడు?" అని టర్నర్ అరిచాడు. తెల్లచొక్కా ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

బావ లైనింగు వేలితో తాకి, వాసన చూశాడు. నా వైపు తిరగలేదు.

"నేనే పూసినా" అన్నాడు. "కొత్త లైనింగు గదా, గట్టిగా ఉండాదని, రవ్వంత మెత్తబడుతుందని."

తెల్లచొక్కా ఆయన వెళ్లిపోయాడు. బ్రేకుకు నూనె పూసిన మెకానిక్‌తో మాట్లాడేదేముంది? టర్నర్ మాత్రం తిట్టి తిట్టి, చివరికి నవ్వాడు. ఆ నవ్వు ఆయనతో పాటు పట్టాభిరామ్ పోయింది, రైల్లో తిరువళ్లూరు వచ్చింది. స్టేషన్ బయట డ్రైవర్లు బావను "నల్లెణ్ణె" అని పిలవడం మొదలుపెట్టారు, అంటే నువ్వుల నూనె. అంతకు ముందు ఏ కారు మొరాయించినా బావ వచ్చి చూడాలని ఆగేవాళ్లు. ఆ పైన ఎవరూ ఆగలేదు.

లారీలో తిరిగొచ్చేటప్పుడు "బావా, ఆ నూనె..." అని మొదలుపెట్టాను. "ఊరుకో మే" అన్నాడు. కసురుకున్నట్టు కూడా లేదు, అలసిపోయినట్టు ఉంది. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు సులభంగానే వచ్చింది, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

కారును టర్నర్ పాత ఇనుప సామాను కింద తీసుకుపోయాడు. ఆ ఆదివారమే బావ గుంత పూడ్చి, మళ్లీ నా కాళ్ల కొలతకు తెచ్చాడు. నన్ను అంచున కూర్చోబెట్టి, పాదం ఎక్కడిదాకా వస్తుందో గోడ మీద మేకుతో గీత గీసుకున్నాడు. మగ్గం కర్రలు దించి తుడిచి, బద్దకు బద్ద సరిచూసి, ఇంజన్‌ను బిగించినంత శ్రద్ధగా బిగించాడు. నేత పట్టని మనిషి దించిన ఆ మగ్గం మా నాయన దించిన దానికంటే సమంగా కూర్చుంది. తర్వాత ఆయనే అత్తిమంజేరిపేట పోయి, మేస్త్రీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, నూలు మూట భుజాన వేసుకుని వచ్చాడు. మూట మీద నా పేరే ఉంది. మా అత్త కళ్లు తుడుచుకుని రాట్నం ముందు కూర్చుంది.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను నేస్తున్నాను. బావ సాల గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మా మధ్య కారు ఊసు ఎప్పుడో పోయింది. ఆయన పెద్దగా నవ్వడం కూడా పోయింది, అది నేను గమనించనట్టే ఉండేదాన్ని.

"మే, ఒకటి అడుగుతా" అన్నాడు. "నూనె పూస్తే బ్రేకు పట్టదని నీకు తెలుసునా, ఆ పొద్దు?"

నాడె ఆపేశాను. "తెలీదు బావా. అమ్మతోడు, తెలీదు. మంచిదని పూసినా."

ఆయన బీడీని గడపకు నలిపి ఆర్పాడు. "పోనీలే. తెలిసి చేసినా నేనేమీ అనుకోను" అన్నాడు. లేచి వీధిలోకి పోయాడు.

గుంతలో కాళ్లు పెట్టుకుని అలాగే ఉండిపోయాను. అంటే ఆరు నెలలుగా, నేను కావాలనే చేశానని అనుకుంటూ, ఆ మాట కడుపులో పెట్టుకుని, నా గుంత పూడ్చి, నా మగ్గం దించి, నా కోసం మేస్త్రీ ముందు నిలబడ్డాడు ఈ మనిషి. ఊరంతా నవ్వుతుంటే నా తప్పు తన నెత్తిన వేసుకుని తిరిగాడు. వెనకాలే పరుగెత్తి మళ్లీ ఒట్టు పెట్టాలనుకున్నాను. నూనె సంగతికి ఎన్ని ఒట్లయినా పెట్టగలను. కానీ ఆ సున్నం గీత దగ్గర, బండి వదలడం కుదరదని ఆ మనిషి చెప్పగానే, బావ ముళ్లకంపలో నుంచి మొదట తలెత్తి చూసింది నన్నే. అప్పుడు నా మొహం ఎలా ఉండిందో నాకు తెలుసు.